తోట గుత్తకిచ్చినవాడు మందులు ఎలా మానతాడురా?

ఒరేయ్ మామా,

చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. "మీ నూజివీడు రైతులు పురుగుమందులు ఎందుకు మానరురా, మీ పిల్లలూ ఆ మామిడిపళ్లే తింటారుగా?" అన్నావు. కోపమొచ్చి పెట్టేశాను. జవాబు మాత్రం బాకీ ఉంది.

మా వైపు చాలా తోటల్లో మందు కొట్టించేది రైతు కాదురా. పూత మీదే తోట గుత్తకిచ్చేస్తాం, అంటే ఆ కాపు మొత్తం ముందే ఒకడికి రాసిచ్చేయడం. కొంత డబ్బు ముందే చేతిలో పడుతుంది, పిల్లల ఫీజులు గట్టెక్కుతాయి. ఆ తర్వాత తేనెమంచు పురుగు కనబడితే ఎన్నిసార్లు కొట్టాలో గుత్తదారు ఇష్టం. వాడికి ఈ ఒక్క కాపు చాలు, నేల ఏమైతే వాడికేం? నేను మూడేళ్ల కిందట గుత్త మానేసింది కూడా సేంద్రియం మీద ప్రేమతో కాదులే, గుత్తదారు రెండో వాయిదా ఎగ్గొట్టాడు!

పక్క తోట పెద్దాయన అప్పటికే నేలకు జీవామృతం పోస్తున్నాడు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. వెనక నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక వాన తర్వాత చూస్తే నా తోటలో నీళ్లు నిలబడి ఉన్నాయి, ఆయన తోటలో అంతా ఇంకిపోయి చుక్క నిలవలేదు, అడుగేస్తే కాలు మెత్తగా దిగింది. మీటింగుల్లో ఎంత చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కింది.

ఇక ఇంట్లో సంగతి. ప్రకృతి వ్యవసాయం మా దగ్గర మహిళా సంఘాల ద్వారానే ఎక్కువ నడుస్తోంది. మా ఆవిడ అక్కడే పురుగులకు కొట్టే కషాయాలు కాచడం నేర్చుకొచ్చి, "మందు కొట్టిన చొక్కా ఇక నేను ఉతకను" అనేసింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కష్టం ఎక్కడంటే, ఎగుమతికి పనికొచ్చే సేంద్రియ సర్టిఫికెట్ కావాలంటే పళ్లతోటకు మూడేళ్లు ఆగాలి. అన్నాళ్లూ దిగుబడి తగ్గినా మామూలు ధరకే అమ్ముకోవాలి. రైతులం గుంపుగా ఒకరి తోట ఒకరు చూసి ఇచ్చుకునే పీజీఎస్ అనే సర్టిఫికెట్ చవకే గానీ, దాన్ని నమ్మి కొనేవాడు దొరకాలిగా! పండు ఈగకు ఎరబుట్టలు కట్టాను, కొన్ని కాయలకు కవర్లు తొడిగాను. అయినా తొక్క మీద మచ్చ కనబడితే మార్కెట్లో వ్యాపారి మొహం తిప్పేస్తాడు.

అందుకే అడుగుతున్నా. ఈ వేసవిలో గడ్డిలో మాగేసిన బంగినపల్లి పది పెట్టెలు బస్సులో పంపుతా, మీ అపార్ట్‌మెంటులో అమ్మిపెట్టు. మచ్చలు చూపించి బేరమాడేవాళ్లకు మాత్రం ఇవ్వకు. నీ పెట్టెకు డబ్బులొద్దులే, కోపం పోయింది.

నీ
వెనక బెంచీవాడు