గడువు తీరిన వెబ్ పేర్లు: అర్జీ ఎవరికి?

సంపాదకులకు,

చిన్న సంస్థల వెబ్ పేరు (డొమైన్) గడువు తీరి వేరొకరి చేతికి పోవడం, పాత చిరునామా కొడితే జూదం పేజీ తెరుచుకోవడం తరచూ జరుగుతున్నదే. పలాస జీడిపప్పు వ్యాపారి అయినా, పొందూరు ఖద్దరు అమ్మే సంఘమైనా వరస ఒకటే. సైటు కట్టిన కుర్రాడు తన ఈమెయిల్‌తోనే పేరు రిజిస్టరు చేస్తాడు. రెన్యువల్ హెచ్చరికలు అతనికే పోతాయి. అతను ఉద్యోగం దొరికి ఊరు వదిలాక వాటిని చూసే నాథుడుండడు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెడితే రశీదు వస్తుంది గాని, డాట్ కామ్ పేరు మీద కలెక్టరుకు ఏ అధికారమూ లేదు.

డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి పేర్ల విధానాలు ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచేందుకు 1998లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ఐకాన్‌లో, ఆ విధానాలు రూపొందించే జీఎన్‌ఎస్‌వో మండలి ద్వారా తయారవుతాయి. మామూలు వాడుకదారుల తరఫున అక్కడ 15 మందితో ఎట్-లార్జ్ సలహా సంఘం ఉంది: ప్రపంచంలోని అయిదు ప్రాంతాల నుంచి ఇద్దరేసి, నామినేటింగ్ కమిటీ ఎంపిక చేసే అయిదుగురు. ఈ సంఘానికి మండలిలో ఓటు లేదు. అయినా ఫలానా సమస్యపై ఇష్యూ రిపోర్టు (సమస్యను పరిశీలించే నివేదిక) తయారు చేయమని అడిగే హక్కుంది. అడిగితే సిబ్బంది ముసాయిదా రాయాలి, దానిపై ప్రజాభిప్రాయం తీసుకోవాలి, ఆ తర్వాత మండలి ఓటేయాలి. మండలిలోని రెండు సభల్లోనూ మూడింట ఒక వంతుకు మించి, లేదా ఒక్క సభలోనే మూడింట రెండు వంతులకు మించి ఒప్పుకుంటే విధాన రూపకల్పన మొదలవుతుంది. కాదంటే సలహా సంఘం మండలితో కారణాలు చర్చించి, మళ్లీ ఓటు పెట్టమని ఒక్కసారి అడగవచ్చు.

ఇది కాగితం మీది హక్కు మాత్రమే కాదు. గడువు తీరిన పేర్ల సంగతినే ఈ సంఘం 2008 నవంబరులో లేవనెత్తింది. 2009 మేలో మండలి ప్రక్రియ ప్రారంభించింది, 2013 ఆగస్టు 31న నియమం అమల్లోకి వచ్చింది. అయిదేళ్లకు కాస్త తక్కువ. మన కోర్టు వ్యాజ్యాలతో పోలిస్తే మరీ ఆలస్యమని అనలేం! ఆ నియమం వల్లే గడువుకు సుమారు నెల ముందు, వారం ముందు, తీరాక 5 రోజుల లోపు హెచ్చరికలు పంపడం, పేర్లు నమోదు చేసే రిజిస్ట్రార్ కంపెనీలకు తప్పనిసరి అయింది. గడువు తీరాక రెన్యువల్‌కు వీలున్న చివరి 8 రోజులు సైటును ఆపేయాలి, అది చూసైనా యజమాని కదులుతాడని. పేరు తొలగించాక కూడా తిరిగి తెచ్చుకోవడానికి 30 రోజులుంటాయి, రుసుము మాత్రం ఎక్కువే.

తిరకాసు ఎక్కడంటే, హెచ్చరిక వెళ్లేది రికార్డులో ఉన్న ఈమెయిల్‌కి. డిజైనరుకు అందినా నియమం పాటించినట్టే. ఈ లోటును మళ్లీ లేవనెత్తాలంటే కోపంతో రాసిన ఉత్తరాలు చాలవు. ఒక్కో ఘటనకు రిజిస్ట్రేషన్ రికార్డు నకలు, గడువు తేదీ, హెచ్చరికలు ఏ చిరునామాకు ఏ రోజు వెళ్లాయో, రిజిస్ట్రార్ తరఫున పేరు అమ్మిన రీసెల్లర్ ఎవరో, పేరు వెనక్కివ్వడానికి ఎంత అడిగారో కావాలి. ఒక్క ఫిర్యాదు ఫిర్యాదే. ఒకే తీరువి పది చేరితే అది విధాన సమస్య. హెచ్చరికే పంపలేదంటే మాత్రం సలహా సంఘం దాకా పోనక్కర్లేదు, నియమాల అమలు చూసే ఐకాన్ కంప్లయన్స్ విభాగానికి నేరుగా ఫిర్యాదు చేయాలి. సైటులో ఏముంది, డేటా ధర ఎంత, సిగ్నల్ ఎందుకు రాదు వంటివి ఐకాన్ పరిధిలోకే రావు. డాట్ ఇన్ పేర్లకూ ఈ నియమం వర్తించదు, వాటిని చూసేది భారతీయ సంస్థ నిక్సీ.

ఐకాన్‌లోనే ఉన్న ప్రభుత్వాల సలహా సంఘం మాట బలం వేరు. అది ఏకాభిప్రాయంతో ఇచ్చిన సలహాను తోసిపుచ్చాలంటే ఐకాన్ బోర్డులో కనీసం 60 శాతం ఓట్లుండాలి. కానీ అక్కడికి వెళ్లేది ఢిల్లీ ప్రతినిధులు. మనకు దగ్గరి దారి ఎట్-లార్జ్. జిల్లాలోని వినియోగదారుల సంఘాలు, ఇంజనీరింగ్ కాలేజీలు, ఛాంబర్లు దాని ఆసియా-పసిఫిక్ విభాగంలో సభ్యత్వానికి దరఖాస్తు చేయవచ్చు. చందా లేదు.

ఈలోగా ప్రతి సంస్థ తన వెబ్ పేరు ఎవరి పేరిట, ఎవరి ఈమెయిల్‌తో ఉందో రికార్డు తీసి చూసుకోవాలి. డిజైనరుది ఉంటే, అతను ఫోనుకు దొరుకుతున్నప్పుడే సంస్థ ఈమెయిల్‌కి మార్పించుకోవాలి.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం