ఆవకాయ రేటు పెంచుతున్నాం, ఎందుకో కూడా చెప్తాను

ఒకటో తారీఖు నుంచి ఆవకాయ కిలో 480 నుంచి 520 అవుతుందండీ. గోంగూర, పండుమిరప కూడా కిలోకి 40 పెరుగుతాయి. కారంపొడి ముట్టుకోవడం లేదు, అది రోజూ కూరలో పడేది కదా.

"ముడిసరుకుల ధరలు పెరిగినందున" అని బోర్డు పెట్టేస్తే ఎవరూ అడగరు, కానీ అది అబద్ధం. మిర్చి నేను కొన్నది నిరుటి రేటుకే, పప్పునూనె కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోగలను. పెరిగింది అద్దె. బ్రాడీపేటలో మా షాపున్న బిల్డింగు ఓనరుగారు కాలం చేశారు, పిల్లలు వాటాలు వేసుకున్నారు, మా గది ఉన్న వాటా వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకునే చిన్నబ్బాయికి వచ్చింది. ఆయన చుట్టుపక్కల వాకబు చేసి 14 వేలున్న అద్దె 22 వేలన్నారు. ఆయన్ని తప్పుపట్టను, ఆ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్నేమో.

మేం నెలకి సుమారు 200 కిలోల పచ్చడి అమ్ముతాం. పెరిగిన 8 వేలు దాని మీద పంచితే కిలోకి 40. మొత్తం అద్దె వేస్తే కిలోకి 110, అంటే ఇకనుంచి మీరిచ్చే 520లో 110 మామిడికాయకీ కాదు, ఆవపిండికీ కాదు, నాకూ కాదు. పక్క వీధిలో 440కే ఇస్తున్నారు కదా అని చాలామంది అడుగుతున్నారు. నిజమే, ఆయన మంచి సరుకే ఇస్తారు, కానీ అది వాళ్ల తాతగారు కట్టించిన సొంత బిల్డింగు, పైన ఇల్లు, కింద షాపు. అద్దె లేకపోతే నేను 410కి ఇవ్వగలను. మా ఇద్దరి రేట్లకీ తేడా పనితనంలో లేదు, తాతల్లో ఉంది.

మొన్న ఒకాయన కౌంటర్ దగ్గర నిలబడి కష్టపడితే ఎవరైనా పైకొస్తారమ్మా అన్నారు. లోపల మిరపకాయల తొడిమలు తీస్తున్న అక్క వింటూనే ఉంది, ఏమీ అనలేదు. ఆవిడది తుళ్లూరు వైపు, సెంటు భూమి లేదు, కూలికెళ్లేది. రాజధాని కోసం 2015లో భూసమీకరణ జరిగినప్పుడు మెట్ట ఎకరం ఇచ్చిన రైతుకి 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్ స్థలం, ఏటా 30 వేల కౌలు అన్నారు, భూమిలేని కూలీ కుటుంబానికి నెలకి 2,500 పెన్షన్ అన్నారు. రైతులు ఆ తర్వాత పడ్డ అవస్థలు చూశాం, వాళ్లనేమీ అనను. కానీ ఆ చేలో ఇద్దరూ పనిచేసినవాళ్లే, ఒకరు పిల్లలకి స్థలం రాసివ్వగలరు, పెన్షన్ ఎవరికి రాసిస్తారు? పొలం పోయాక పని కూడా పోయింది, అందుకే ఆవిడ ఇక్కడ ఘాటుకి తుమ్ముకుంటూ కూర్చుంటోంది.

నేనేదో ఏమీ లేకుండా మొదలెట్టానని చెప్పుకోను. ఎన్టీఆర్ హయాంలోనే, 1986లో, పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా అని చట్టం తెచ్చారు, కానీ మా ఇంట్లో పసుపు కుంకుమ కింద ఇంత బంగారం పెట్టి, వాటా వద్దని సంతకం అడిగారు, పెట్టాను. పొలం అన్నయ్యకి వెళ్లింది, ఇప్పుడు దాని రేటు తలుచుకోవడం అనవసరం. ఆ బంగారం తాకట్టు పెట్టే ఈ షాపు అడ్వాన్సు కట్టాను. అంటే నాకూ ఎంతో కొంత వచ్చింది. తొడిమలు తీసే అక్కకి తాకట్టు పెట్టడానికి కూడా ఏమీ లేదు, ఆవిడ చెయ్యి నాకంటే చురుకు.

చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను మన దేశంలోనూ ఉండేదని చాలామందికి తెలియదు. 1953లో పెట్టి 1985లో ఎత్తేశారు, బాగా పెద్ద ఆస్తులకి 85 శాతం దాకా ఉండేది, అయినా వసూలైంది తక్కువే. 2024 ఎన్నికలప్పుడు మళ్లీ ఆ మాట వస్తే ఈ పార్టీవాళ్లూ ఆ పార్టీవాళ్లూ ఆ ఆలోచన మాది కాదంటే మాది కాదన్నారు. మళ్లీ పెట్టాలా వద్దా అన్నది నా పచ్చళ్ల షాపులో తేలేది కాదు గానీ, పెడితే మాత్రం మంచి ఆడిటర్ ఉన్నవాళ్లు ఎలాగూ తప్పించుకుంటారని నా అనుమానం.

ఇంకొకటి, ఇప్పుడు పెంచిన 40 మొత్తం అద్దెకే పోతుంది, మా ఆడవాళ్ల కూలి ఇందులో పెరగలేదు. సంక్రాంతికి వాళ్లకి పెంచాలనుకుంటున్నాను, అప్పుడు మళ్లీ పదో పదిహేనో పెరుగుతుంది, ముందే చెప్తున్నాను, తర్వాత అరవకండి.

నెలాఖరు లోపు ఆర్డరిచ్చిన వాళ్లకి పాత రేటే. సొంత డబ్బా తెచ్చుకుంటే కిలోకి 10 తగ్గిస్తాం, స్టీలుదైనా గాజుదైనా తడి లేకుండా తుడిచి తీసుకురండి. మాగాయ మాత్రం అయిపోయింది, కావాలంటే పక్క వీధికెళ్లండి, నిజం చెప్పాలంటే ఆయన మాగాయ మాదానికంటే బాగుంటుంది.