తెల్లరంగు పూసి వదిలేశారంటే ఎలా?

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం మీ పేజీలో కొరియా దాన్‌సేఖ్వా, అంటే ఒకే రంగుతో వేసే పెయింటింగ్స్ మీద వచ్చిన వ్యాసం చదివానండి, అమెరికా మినిమలిజానికి (బొమ్మని వీలైనంత సాదాగా వేసే పద్ధతికి) కాపీ అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అదే నచ్చలేదు. ఈ పెయింటర్లలో హా జోంగ్ హ్యున్ 1974 నుంచి గోనెగుడ్డ వెనకనుంచి రంగు నెట్టేవాడు, అది నేత సందుల్లోంచి బొట్లుబొట్లుగా ముందుకి ఉబికొస్తుంది, మరి ఇందులో అమెరికా ఎక్కడుంది? పార్క్ సో బో అయితే చిన్న కొడుకు గళ్ల నోట్‌బుక్‌లో రాయడం రాక విసుగొచ్చి గీకేయడం చూశాడట, అక్కణ్ణుంచి తడి తెల్లరంగు మీద పెన్సిల్‌తో గీస్తూనే పోయాడు. యున్ హ్యోంగ్ గున్ నల్లటి పట్టీల్లోకి దిగింది 1973లో జైలుకెళ్లొచ్చాకే, నియంత పార్క్ చుంగ్ హీ కొరియాని ఏలిన రోజులు మరి, ఆ సంగతి ఒక్క లైన్ కూడా లేదు. పైగా ఫొటో స్టాంపు సైజులో వేశారు, అంత చిన్నదాంట్లో తెల్లరంగు తప్ప ఇంకేం కనబడుద్ది చెప్పండి, ఈసారన్నా అరపేజీ ఇవ్వండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, విజయవాడ