రూపాయికి ఎన్ని అణాల నొప్పి అని అడిగిన సిస్టర్‌కు, ఇంకా మిగతా అందరికీ

అందరికీ నమస్కారం. మా అమ్మకు కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగి నిన్నటికి ఆరు వారాలు. నిన్న సాయంత్రం వాకర్ ఇంట్లో పెట్టేసి, చేతికర్ర పట్టుకుని వీధి చివర వినాయకుడి గుడి దాకా నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ "ఆ పాపకు ఒక మాట చెప్పినావా?" అని అడిగింది. ఆ పాప అంటే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ సిస్టర్. ఆమెకూ, మాకు సాయపడిన మిగతా అందరికీ థ్యాంక్స్ చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేరు రాయొద్దక్కా అని ముందే చెప్పింది కాబట్టి రాయడం లేదు, కానీ తిరుపతిలో ఆ వార్డులో ఆ వారం ఉన్నవాళ్లందరికీ ఎవరో అర్థమైపోతుంది.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడి ముంజేయి విరిగితే పుత్తూరు కట్టుకు తీసుకుపోయారంట, ఎముక సరిచేసి వెదురు బద్దలు పెట్టి కడుతుంటే పిల్ల కిక్కురుమనలేదని మా తాత చచ్చేదాకా ఊరంతా చెప్పుకునేవాడు. అదే ఆమెకు బిరుదు అయిపోయింది. ఏ నొప్పి వచ్చినా "ఏం లేదులే" అంటుంది. ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు పోయే మనిషి, మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే కొన్ని మెట్లు మోకాళ్ల మీద ఎక్కే మనిషి, నాలుగేళ్లుగా గుమ్మం దాటడానికి గోడ పట్టుకుంటున్నా మాకు సరిగ్గా చెప్పలేదు.

ఇంకో సంగతి. చాలా ఏళ్ల కిందట వేరే ఊళ్లో ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. అప్పుడు నొప్పి అని అడిగితే, ఆపరేషన్ అంటే నొప్పి లేకుండా ఎట్లా ఉంటుందమ్మా, ఓర్చుకో అన్నారు. సరేనని ఓర్చుకుంది. కుట్లు గుంజుతాయని గట్టిగా ఊపిరి పీల్చలేదు, దగ్గు వస్తే ఆపుకుంది, మంచం దిగలేదు. వారానికి ఛాతీలో కఫం పట్టి, జ్వరం వచ్చి, మళ్లీ చేర్చాల్సి వచ్చింది. ఆ భయం నాకు ఈసారీ ఉండింది. అందుకే ఆపరేషన్ ముందు రోజు మత్తు డాక్టర్ గారు చూడటానికి వచ్చినప్పుడు ఇదంతా చెప్పేశాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం విన్నారు. తర్వాత అమ్మతోనే, నాతో కాదు, అమ్మ ముఖం చూసి చెప్పారు: "నొప్పి పూర్తిగా తీసేస్తానని చెప్పనమ్మా. కానీ మీరు దగ్గేంత, నిద్రపోయేంత, లేచి నాలుగు అడుగులు వేసేంత వరకు తగ్గించడం మా పని. నొప్పి అని మాకు చెప్పడం మీ పని." నడుముకు ఇచ్చే మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుందని, అందుకని తొడ దగ్గర నరానికి ఇంకో ఇంజెక్షన్ ఇస్తామని, పారాసిటమాల్ నొప్పి వచ్చేదాకా ఆగకుండా గంట ప్రకారం పడుతుందని, అవి చాలకపోతే గట్టి మందు ఉందని వివరించారు. ఆయనకు చేతులెత్తి దండం.

ఇక ఆ మొదటి రాత్రి. ఒకటిన్నర అయ్యుంటుంది. నాకు స్టూలు మీదే కునుకు పట్టేసింది. కళ్లు తెరిచేసరికి సిస్టర్ వంగి, మంచం కమ్మీని పట్టుకున్న అమ్మ పిడికిలిని ఒక్కో వేలూ నెమ్మదిగా విడదీస్తోంది. దుప్పటి కొస అమ్మ పళ్ల మధ్య ఉంది. నుదురంతా చెమట. మూర దూరంలో ఉన్న నాకు చిన్న మూలుగు కూడా వినిపించలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గుండె పట్టేసినట్టుంది.

"నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగింది సిస్టర్. "ఏం లేదులే తల్లీ." మళ్లీ అడిగింది. పదికి ఎంత అంటే అమ్మకు ఎక్కడం లేదు, మార్కులా ఏమిటి అన్నట్టు చూస్తోంది. ఆ అమ్మాయి విసుక్కోలేదు, రాసుకుని పోనూ లేదు. మంచం అంచున కూర్చుని "మీదేం ఊరు పెద్దమ్మా?" అంది. పాకాల పక్కన అని చెప్పింది అమ్మ. "ఈ ఏడు వేరుశనగ ఎన్నణాలు పండింది?" మా ఊళ్లో ఇప్పటికీ పంటను అణాల్లోనే చెబుతారు, రూపాయికి పదహారణాలు కాబట్టి నిండు పంట అంటే పదహారు. ఆరణాలు అంది అమ్మ. "మరి నొప్పి? రూపాయి నిండా అంటే ఇంక ప్రాణం పోతుందన్నంత. ఇప్పుడు ఎన్నణాలు ఉంది?"

అమ్మ కాసేపు ఆలోచించింది. "పద్నాలుగు" అంది. అని ఏడ్చేసింది. నా ఎరుకలో మా అమ్మ నొప్పికి ఏడవడం అదే మొదటిసారి.

డ్యూటీ డాక్టర్‌కు ఫోను, ఇంజెక్షను, తువ్వాలు చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు. అంతటితో అయిపోలేదు. అరగంటకు మళ్లీ వచ్చింది. ఎనిమిది. ఇంకో గంటకు మళ్లీ. ఐదు. "కాలు కదిపితే?" ఏడు. "అయితే ఇప్పుడు ఒక్కసారి గట్టిగా దగ్గు పెద్దమ్మా." దగ్గింది. తర్వాత తెల్లారేదాకా నిద్రపోయింది. వార్డులో ఆ రాత్రి ఎంతమంది ఉన్నారో నేను చూశాను, ఇద్దరే సిస్టర్లు, కూర్చున్న పాపాన పోలేదు. అయినా మందు పని చేసిందా లేదా అని రెండుసార్లు తిరిగి వచ్చి అడిగింది. తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి. ఆరు వారాలుగా మా ఇంట్లో టైం చూసి "ఎన్నణాలు?" అని అడుగుతున్నాం, అమ్మ దాచకుండా చెబుతోంది.

ఫిజియో తమ్ముడికి కూడా. మరుసటి రోజే వాకర్ ఇచ్చి నిలబెడతానంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆయన మాత్రం ముందుగా మాత్ర వేసి ముప్పావుగంట అయిందా అని అడిగి, అప్పుడే మొదలుపెట్టేవాడు. పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించమని గంట గంటకూ గుర్తు చేసేవాడు, పిక్కల్లో రక్తం గడ్డ కట్టకుండా. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా ఒక్క నిమిషం ఆలోచించొద్దు, వచ్చేయండి అని రెండుసార్లు చెప్పాడు. ఇంకొకటి, నేను ప్రేమగా అమ్మ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టాను, హాయిగా ఉందంది. ఆయన వచ్చి చూసి దిండు తీసి మడమ కింద పెట్టాడు. మోకాలి కింద పెడితే కాలు వంగి అట్లాగే బిగుసుకుపోతుందంట, ఇక చాపడానికి రాదంట. ఆ పని చాలా ఇళ్లలో చేస్తుంటారు, అందుకే రాస్తున్నాను.

ఇంటికి వచ్చాక నేను ఒక తప్పు చేయబోయాను. చీటీలో 650 పారాసిటమాల్ ఒకటి, ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు కలిసిన మాత్ర ఒకటి ఉన్నాయి, రెండోది నొప్పి ఎక్కువైతేనే. రెండూ కలిపి రోజుకు నాలుగేసి సార్లు వేద్దామనుకుని, ఎందుకో అనుమానం వచ్చి వార్డుకు ఫోన్ చేశాను. రెండో మాత్రలో కూడా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉందక్కా, రెండూ ఒకే టైంకు వద్దు, లెక్క కలిపి చూసుకోవాలి, పెద్దవాళ్లకు ఎంత ఎక్కువైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు, మీ అమ్మ బరువుకు ఇంకా తక్కువే అని ఓపిగ్గా గంటలు రాయించారు. అమ్మకు కిడ్నీ పరీక్షలో కొంచెం తేడా ఉంది కాబట్టి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అడిగి తెచ్చి వేయొద్దని కూడా ఆ ఫోన్లోనే చెప్పారు. ట్రమడాల్ వల్ల మూడు రోజులు విరేచనం కాలేదు, ఆ సంగతి చెప్పడానికి అమ్మకు సిగ్గు. అదీ చెప్పాలి, దానికీ మందు ఉంది.

పత్యం దగ్గర మా పెద్దమ్మతో పెద్ద గొడవ. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు అసలు వద్దు, వట్టి చారన్నమే అని పట్టుబట్టింది. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు సర్జన్ గారు నా ఫోన్ తీసుకుని ఆమెతోనే మాట్లాడారు, "అమ్మా, గాయం మానడానికి కండ పట్టాలి కదా, పప్పూ గుడ్డూ లేకుంటే ఎక్కడి నుంచి పడుతుంది, షుగర్ మాత్రం అదుపులో ఉండేలా చూడండి" అని. మరుసటి రోజు పెద్దమ్మే అరడజను గుడ్లు ఉడకబెట్టి, రాగి సంగటి, పప్పు క్యారియర్‌లో పెట్టి బస్సులో పంపింది. పెద్దమ్మా, నీకూ థ్యాంక్స్.

మేడ మీద ఉండే మాకు, కుర్చీలా కూర్చునే టాయిలెట్ ఉన్న కింద గదిని అద్దె మాటెత్తకుండా ఇచ్చిన ఇంటి ఓనరమ్మకు, పక్క మంచం వాళ్ల కోడలికి (నేను బయటికి పోయినప్పుడల్లా అమ్మకు ఐసు పెట్టింది), చెకప్‌కు పోయిన ప్రతిసారీ వాకర్ మడిచి ముందు సీట్లో పెట్టుకుని స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో నడిపినట్టే తెలియకుండా నడిపిన అన్నకు కూడా.

ఈ పొద్దున అడిగితే రెండణాలు అంది, అదీ మంచం దిగేటప్పుడు మాత్రమే. వాకర్, కూల్ ప్యాకులు ఇక మాకు అక్కర్లేదు. తిరుపతిలోనో చంద్రగిరి వైపో ఎవరింట్లోనైనా ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, తెచ్చిస్తాను, డబ్బులేమీ వద్దు.