బ్రేకు పనికి ఇకనుంచి ఫోన్‌లో రేటు చెప్పం

హన్మకొండలో ములుగు రోడ్డు మీదున్న మా గ్యారేజీకి వచ్చే అన్నలకు, అక్కలకు నమస్తే. "బ్రేకులు సరిగ్గా పడట్లేదు, ప్యాడ్లు మార్చడానికి ఎంతవుతుంది?" అని చాలామంది ఫోన్ చేస్తుంటారు. ఇకమీదట దానికి ఫోన్‌లో రేటు చెప్పం. ముందు మీతో కలిసి ట్రయల్ చూసి, మీ ముందే చక్రం విప్పుతాం. తప్పు వేరేచోట ఉండగా కొత్త ప్యాడ్లు వేస్తే పైసలు దండగ. అంతకన్నా ప్రమాదం, బ్రేకు బాగైందన్న ధైర్యంతో మీరు హైవే ఎక్కడం.

కాబట్టి ఏం మార్చాలో కాదు, బండి ఏం చేస్తోందో చెప్పండి. వానలో రాత్రంతా బయట ఉన్న బండి పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే టెన్షన్ వద్దు, డిస్కు మీది పల్చటి తుప్పు అది. రోజూ కీచుమంటుంటే మాత్రం ప్యాడ్లు అరిగాయేమో చూడాలి. ఆ కీచు కాస్తా గరగరగా మారేదాకా నడిపితే డిస్కు కూడా పోతుంది.

బ్రేకు కొట్టగానే బండి ఒక దిక్కు గుంజుతోందా? ఆపాక ముందు చక్రాలను ముట్టుకోకుండా దగ్గరికి చెయ్యి పెట్టి చూడండి. ఒకవైపే సెగ కొడుతూ మాడు వాసన వస్తుంటే అక్కడ కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసినట్టే. విప్పితే చాలాసార్లు రబ్బరు బూటు (తొడుగు) చిరిగి, కాలిపర్ జరిగే పిన్నుల్లో గ్రీజు ఎండి, తుప్పు పట్టి ఉంటుంది. ప్యాడ్లు బాగుంటే, పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెడితే పోయేదానికి ప్యాడ్ల బిల్లు వేయడం న్యాయం కాదు.

నాకు అన్నిటికన్నా భయం పెడల్ గురించే. మెత్తగా లోపలికి పోతుంటే బ్రేక్ ఆయిల్ లైన్‌లో గాలి చేరిందో, ఎక్కడో ఆయిల్ కారుతోందో. నొక్కి పట్టినా మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాల దాకా తోసే మాస్టర్ సిలిండర్ మీదే అనుమానం. ఈ రెండిట్లో ఏదైనా సరే, బండి నడుపుకుంటూ రావద్దు. ఫోన్ చేయండి, మేమే వస్తాం.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. నిండు లోడుతో పదేపదే గట్టిగా బ్రేకు కొడితే ఆ ఆయిల్‌లో ఆవిరి పుట్టి పెడల్ ఒక్కసారిగా జారిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్పించండి. మేడారం జాతర లెక్కన పెట్టుకుంటే మరిచిపోరు. లెవెల్ తగ్గిందని మీరే పోసేయకండి, ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది.

చక్రం విప్పి చూసినందుకు చార్జీ తీసుకుంటాం, పని మా దగ్గరే చేయిస్తే బిల్లులో తగ్గిస్తాం. తీసేసిన పాత సామాను కవర్లో వేసి మీకే ఇస్తాం.