వదిలిన చేపల లెక్క సరే, పట్టిన చేపల లెక్క ఏదీ?

సంపాదకులు గారికి,

మన సోమశిల జలాశయంలో లక్షల సంఖ్యలో చేప పిల్లలను వదిలారన్న వార్తను, దానితో పాటు వేసిన ఫొటోను గత వారం మీ జిల్లా పేజీలో చూశాను. విషయం తెలిసినవారు ఎవరైనా స్పందిస్తారేమోనని ఎదురుచూసి, ఎవరూ రాయకపోవడంతో నేనే రాస్తున్నాను. ఆ ఫొటోలో ప్రజాప్రతినిధులు, అధికారులు, వారి వెనుక నిలబడిన అనుచరులు అందరూ స్పష్టంగా కనిపించారు. చేప పిల్లలు మాత్రం సంచిలో ఉన్నాయో లేవో నా కళ్లజోడుకు అందలేదు. వార్తలోనూ అంతే. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏమి మాట్లాడారో మూడు పేరాలు రాశారు గానీ, వదిలిన పిల్ల ఎంత పొడవుందో, ఏ రకాలు ఎన్నెన్ని వదిలారో, పోయినేడు వదిలిన వాటిలో ఎన్ని పెరిగి వలకు చిక్కాయో ఒక్క వాక్యమైనా లేదు.

చిన్న విషయానికి ఇంత రాద్ధాంతం దేనికని మీరు అనుకోవచ్చు. బొచ్చె, శీలావతి, మోసు చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు; కొత్త వరదకు ఎదురీది, పారే నీటిలో పెడతాయి. నదికి అడ్డంగా ఆనకట్టలు కట్టుకున్న తరువాత ఆ దారి మూసుకుపోయింది కాబట్టే ఏటా మనం బయటి నుంచి పిల్లలను తెచ్చి వదలవలసి వస్తున్నది. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో ఇంజెక్షన్ ద్వారా ఈ చేపల చేత గుడ్లు పెట్టించి చూపిన నాటి నుంచి పిల్లల ఉత్పత్తికి లోటు లేదు. లోటంతా వాటిని పెంచి వదలడంలోనే ఉన్నది. చిన్న చేపలను మింగే వాలుగలు, కొర్రమీనులు, జెల్లలు తిరిగే జలాశయంలో కనీసం ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు పెరిగిన పిల్లనే వదలాలని మత్స్య శాస్త్రవేత్తలు ఏనాటి నుంచో చెబుతున్నారు. అంతకన్నా చిన్న పిల్లను వదిలితే అది వాలుగకు ప్రభుత్వ ఖర్చుతో పెట్టిన విందు మాత్రమే. చిన్నవైతే ఒక్కో సంచిలో ఎక్కువ పడతాయి, లక్షల అంకె తేలికగా పూర్తవుతుంది. పెద్దవైతే ఖర్చు, శ్రమ రెండూ పెరుగుతాయి. ఏ పిల్ల వదిలారన్నది అందుకే అడుగుతున్నాను.

ఇక పట్టే వైపు సంగతి. అలివి వలల గురించి జలాశయాల ఒడ్డు పల్లెల్లో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. దోమతెర వంటి సన్న కన్నుతో, వందల మీటర్ల పొడవున నీటిని చుట్టేసే ఆ వలలో పావు కిలో చేప, వేలెడు పిల్ల అన్న భేదం ఉండదు. లైసెన్సు రుసుము కట్టి, పుట్టి మీద రాత్రంతా తిరిగి, పెద్ద కన్ను వలతో నాలుగు చేపలు తెచ్చుకునే స్థానిక మత్స్యకారుడిని లైసెన్సు కాగితం చూపమని ఆపుతారు. ఐసు పెట్టెలతో తెల్లవారకముందే దాటిపోయే వాహనం ఎవరికీ కనిపించదు. నీటిలో విషం కలిపి గానీ, మందుగుండు పేల్చి గానీ చేపలు పట్టడం నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టమే చెప్పింది. నూట పాతికేళ్లు దాటినా ఆ చట్టం సంగతి ఒడ్డుకు చేరినట్లు లేదు.

2021లో 217 జీవో వచ్చి, వంద హెక్టార్లు దాటిన చెరువులను మన నెల్లూరు జిల్లాలోనే ప్రయోగాత్మకంగా బహిరంగ వేలానికి పెట్టాలన్నప్పుడు ఎంత గొడవ జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2024లో ఆ జీవో రద్దయింది. ఆ చెరువులపై మత్స్యకార సహకార సంఘాల హక్కు నిలిచినందుకు సంతోషమే. అయితే ఆ వాదోపవాదాలలో చెరువు ఎవరికి చెందాలన్నదే వినిపించింది గానీ, ఆ చెరువులో చేప మిగులుతుందా అన్న మాట ఏ పక్షం నుంచీ నా చెవిన పడలేదు. ఫసలీ లెక్కన, అంటే జూలై నుంచి జూన్ వరకు సాగే రెవెన్యూ సంవత్సరం లెక్కన ఇచ్చిన కౌలు జూన్ నెలాఖరుతో ముగుస్తుంది. చెరువు మళ్లీ తనకే వస్తుందన్న నమ్మకం లేని పాటదారుడు నీళ్లు అడుగంటిన ఆ వేసవిలో తల్లి చేపతో సహా ఊడ్చుకుపోక, వచ్చేవాడి కోసం దాచిపెడతాడా? తన పిల్లలు ఎర్రటి గుంపుగా ఈదుతుంటే కాపలా కాసే కొర్రమీను, బురద గుంటల్లో బతికే బొమ్మిడాయి ఈ విధంగానే మన చెరువుల నుంచి తగ్గిపోతూ వచ్చాయి. వాటి స్థానంలో ఏడాదికి అనేక పర్యాయాలు పిల్లలు పెట్టే జిలేబి చేప నిండిపోతున్నది. నెల్లూరు చేపల పులుసు అన్న బోర్డులు హైదరాబాదులో వీధికొకటి కనిపిస్తున్నాయి. లోపల ఉడికేది ఎక్కువగా కైకలూరు, భీమవరం గుంటల్లో పెరిగిన చేపే. పులుసుకు పేరు మనది, చేప వాళ్లది.

అసలు ఏ పథకమైనా ఇప్పుడు ఇంతే. ఎన్ని మొక్కలు నాటామో చెబుతారు, ఎన్ని బతికాయో చెప్పరు. ఎన్ని వలలు, పడవలు పంచామో చెబుతారు, వాటితో ఎవరి ఆదాయం ఎంత పెరిగిందో చెప్పరు. 2020లో 20,050 కోట్ల రూపాయలతో కేంద్ర ప్రభుత్వ పథకం మత్స్య సంపద యోజన మొదలైంది. అందులో మన జలాశయాల వాటాకు వచ్చిన ఫలితం ఏమిటో ఒక కాగితం మీద పెట్టగలవారు ఉన్నారా? మీ విలేకరులు కూడా అధికారులు ఇచ్చిన ప్రకటనను యథాతథంగా అచ్చు వేయకుండా ఈ ప్రశ్న అడిగి ఉంటే నాకు ఈ లేఖ రాసే పని తప్పేది.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. చేపలు దించే ప్రతి రేవులోనూ ఒక కాటా, ఒక పుస్తకం, ఒక మనిషి ఉండి, ఏ రోజున ఏ రకం చేప ఎంత బరువు దిగిందో, సగటున ఎంత పరిమాణం ఉందో రాసి, నెలకొకసారి బయట పెట్టాలి. పిల్లలను వదిలే ముందు సంఘ సభ్యుల ఎదుట కొలిచి చూపాలి. మరొక మాట. గుడ్లు పెట్టే కాలమని జూలై, ఆగస్టు నెలల్లో జలాశయాల్లో వేట ఆపుతారు. కృష్ణమ్మకు వరద వచ్చే శ్రీశైలానికి, సాగర్‌కు అది సరిపోవచ్చు. మన చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు, నవంబరు నెలల్లో. 2021లో పెన్న పొంగి సోమశిలను కుదిపింది నవంబరులోనే. ఈసారి విరామం తేదీలు ఖరారు చేసే ముందు సోమశిలకు ఏ నెలలో ఎంత నీరు చేరిందో ఆ ఇన్‌ఫ్లో లెక్కలైనా ఒకసారి తిరగేయమని సంబంధిత అధికారులను కోరుతున్నాను. చేపల లెక్కలు లేకపోయినా, నీటి లెక్కలు రోజువారీగా రాసిపెట్టి ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా