మా తెడ్ల చుట్టాలను ఆదుకున్న అందరికీ కృతజ్ఞతలు

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన పడవల జట్టు క్షేమంగా ఇల్లు చేరినట్టు మెసేజ్ పెట్టింది. ఇక తీరిగ్గా కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

మొదట తడలోని రిటైర్డ్ మాస్టారికి. గదులిస్తామని ఒప్పుకున్న లాడ్జి వాళ్లు, వచ్చేది విదేశీయులని తెలియగానే ఫారాలు ఎవరు నింపుతారని చేతులెత్తేశారు. మాకేమో టెన్షన్. మాస్టారు తన మేడ తాళాలు ఇచ్చేశారు. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు అధికారులకు పంపాల్సిన వివరాల ఫారం కూడా ఆయనే కూర్చుని ఆన్‌లైన్లో నింపారు.

వచ్చినవాళ్లు పర్యాటకులు కారు, పడవ మనుషులు. వాళ్ల ఊళ్లలో ఒకప్పుడు ఓడలకు దారి చూపే పైలట్లను గిగ్ అనే పడవల్లో తీసుకెళ్లేవాళ్లు. ముందు చేరినవాళ్లకే పని, కూలి. ఆ పరుగే తర్వాత పందెమైంది. 32 అడుగుల పడవలో ఆరుగురు తెడ్డేస్తే, ఏడో మనిషి చుక్కాని పడతాడు. 1838 నాటి ట్రెఫ్రీ అనే గిగ్ కొలతలతోనే ఇప్పటికీ కొత్తవి కడతారట.

అంత అనుభవమున్న చేతులు మన పులికాట్‌లో తికమకపడ్డాయి. సరస్సు చాలా చోట్ల నడుము లోతే. తెడ్డు వేస్తే ఒండ్రులో దిగబడుతుంది. అప్పుడు భీమునివారిపాళెం పెద్దాయన గడ చేతికిచ్చి, పడవ వెనక నిలబెట్టి, అడుగు ఎక్కడ పెట్టాలో, బరువు ఎప్పుడు వదలాలో నేర్పించాడు. ఇరకం దీవి దాకా ఓపిగ్గా వెంట ఉన్నాడు. గిగ్‌లో వెనక్కి తిరిగి కూర్చుని తెడ్డేస్తారని చెబితే మాత్రం నమ్మలేదు. ‘పోయే దిక్కు చూడకుండా ఎట్లా పోతారబ్బా?’ అన్నాడు. ఆ మాట తర్జుమా చేసి చెప్పగానే పడవంతా నవ్వులు. పెద్దాయనా, డీజిల్‌కైనా డబ్బు తీసుకోలేదు నువ్వు. ఈ బాకీ మాకు గుర్తుంది.

ఇరకంలో పీతల పులుసు వండిపెట్టిన అక్కలకు, కారం తినలేని ఇద్దరికి విడిగా పెరుగన్నం కలిపిన అమ్మకు, రోజంతా మాటలు అటూ ఇటూ చేరవేసిన సూళ్లూరుపేట డిగ్రీ తమ్ముడికి, శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) వైపు వెళ్లకుండా ఏ దారిన పోవాలో ముందే చెప్పిన పోలీసులకు పేరుపేరునా నమస్కారం.

ఫొటోలు తీసినవాళ్లు మాకు పంపండి. పెద్దాయనకు స్మార్ట్‌ఫోన్ లేదు, ప్రింట్ వేయించి ఇవ్వాలి. గడ పట్టుకుని నేర్పిస్తున్న ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే ముందు అదే పంపండి.